దూడ తాగినంక

మా ఇంట్లో ఇప్పటికీ పిల్లలకు శిక్ష వేయాల్సి వస్తే, "దూడ తాగినంకనే" అని ఎవరో ఒకరు గుర్తుచేసి, ముందు అన్నం పెట్టిస్తారు. కొత్తగా వచ్చిన కోడళ్ళకు ఆ మాట అర్థం కాదు. అది మా అన్న రాజుగా ఉన్న కాలపు చట్టం.

ఒక ఎండాకాలం మా మేనమామ హాస్టల్ నుంచి వచ్చి, మాసిన బట్టలకంటే ముందు సంచిలోంచి ఒక ఆట తీశాడు. పాచికలు వేస్తూ, కథ చెప్పుకుంటూ ఆడే ఆట. అందులో కొండలు, కోటలు, నిప్పులు కక్కే రెక్కల పాములు. కథ నడిపేది మామ. మేము తలా ఒక వేషం ఎంచుకోవాలి. అన్న రాజు తప్ప ఇంకేదీ వద్దన్నాడు. నేను మంత్రగత్తెను. నా మంత్రం ఒక్కటైనా పారిన పాపాన పోలేదు.

ఇంకో మనిషి కావాలన్నాడు మామ. అమ్మ వంటింట్లోంచే, "మీ అమ్మమ్మను కూసోపెట్టుకోండ్రి" అంది.

ఊరికే అన్న మాట కాదది. తాత పోయాక, వాళ్ళ ఊరు కమఠాణలో పొలం కౌలుకిచ్చి, గొడ్లను అమ్మించి, అమ్మమ్మను బీదర్‌కు మా ఇంటికి తెచ్చింది అమ్మే. వచ్చినప్పటి నుంచి ఆమె గోడకు ఆనుకుని చేటలో కందిపప్పు ఏరుతూ కూర్చునేది. ఏరిన పప్పునే మళ్ళీ ఏరేది. అడిగితే ఊఁ అనేది, అడగకపోతే అదీ లేదు. చర్చిలో ఆమె పాట ఎత్తితే వెనక బెంచీ దాకా వినిపించేది. ఇప్పుడు పెదవి కూడా కదిపేది కాదు. ఆమెను ఎట్లాగైనా మాట్లాడించాలని అమ్మ ఆరాటం.

"అమ్మా, నువ్వేమైతవ్? సిపాయివా, రాణివా?" అడిగాడు మామ.

"నేను రైతునే. గంతే."

ఆటలో రైతు వేషమే లేదు. మామ అప్పటికప్పుడు పుట్టించాడు: ఒక చెలక, ఒక గుడిసె, ఒక పాడిబర్రె. అమ్మమ్మకు ప్రాణం లేచొచ్చింది. రెక్కల పాము ఊరి మీద పడి మేము కత్తులు వెతుక్కుంటుంటే, "ముందుగాల విత్తనాలు బయటేయుండ్రి!" అని అరిచింది. పాచిక నచ్చినట్టు పడకపోతే కొంగు తగిలిందని మళ్ళీ వేసేది. తొండి అని నేను మొత్తుకుంటే, "ముసల్దాన్ని, కండ్లు కానరావు" అనేది. పప్పులో మట్టిబెడ్డ మాత్రం ఆమడ దూరం నుంచి కనపడేది. ఆ రోజుల్లో ఆమె గొంతు వినడం కోసమే మేము ఆట మొదలుపెట్టేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం పాచిక ఎదురు తిరిగి, ఆమె బర్రె రాజుగారి చెరుకుతోటలో పడింది. అన్న కుర్చీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "బర్రె జప్తు!" అన్నాడు.

"జుర్మానా ఎయ్యి, కడ్త. బర్రెను గుంజుకపోతె నేనేం తినాలె? నీకు శిస్తు యాడికెళ్ళి తేవాలె?"

"కానూన్ అంటె కానూన్."

అమ్మమ్మ చేట పట్టుకుని లేచింది. "అట్లయితె నీ రాజ్యం నువ్వే ఏలుకో. నేను ఊరిడిసి పోతున్న" అని గోడ దగ్గరికి వెళ్ళిపోయింది.

మామ కథ ఆపలేదు. రైతు వదిలిన చెలక బీడు పడిందన్నాడు. కోటలో జొన్నలు అయిపోయాయన్నాడు. నా మంత్రగత్తె పస్తు పడుకుంది. అన్న నవ్వాడు కానీ, ఆ సాయంత్రం పిలిస్తే అమ్మమ్మ పలకలేదు. మర్నాడూ అంతే. అమ్మ అన్న ముందు కంచం పెట్టి, "ఇప్పుడిప్పుడే మాట్లాడుతుండె. నీ రాజ్యం పాడుగాను" అని కళ్ళు తుడుచుకుంది. నాకైతే వాడి మీద ఒళ్ళు మండిపోయింది.

అన్నకు పొగరు ఎక్కువే కానీ మనసు మంచిది. తిని, చేతులు కడుక్కుని, వెళ్ళి అమ్మమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అమ్మమ్మా, బర్రెను వాపస్ ఇస్తున్న. తప్పు మాఫ్."

"మాఫ్ ఎందుకు? నా బర్రె తిన్నది నిజమే గద" అంది చేటలోంచి తల ఎత్తకుండా. "కాని కంచె ఎయ్యంది నీ తప్పు. ముండ్లకంప నేను కొట్టుకొస్త, నీ సిపాయిలు పాతాలె. జుర్మానా కింద పాలు నీ కోటకు పోస్త. దూడ తాగినంక మిగిలినయి."

"నీ బర్రెకు దూడ యాడిది? ఆటల లేదు గద!"

"దూడ లేకుంట పాలెట్లొస్తయిరా, రాజా?"

అందరం పకపకా నవ్వాం. మామ వెంటనే ఒక దూడను పుట్టించాడు. నవ్వనిది అమ్మమ్మ ఒక్కతే. ఆమె వేళ్ళు పప్పులో ఆగిపోయాయి.

"మన బర్రెను ఒకలు కొన్నరు, దూడను ఇంకొకలు కొన్నరు" అంది. "కొట్టంల నుంచి దూడను గుంజుకపోతుంటె తల్లి ఎంత ఒర్లిందో. మీ తాత పోయిననాడు గూడ నేను గంత ఏడ్వలే. గొడ్డు కోసం ఏడుస్తున్ననని ఎవలికి చెప్పుకోవాలె?"

ఆమె దానికోసం అంత ఏడ్చిందని మాకెవరికీ తెలియదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆమె పక్కన కూలబడి, చేయి పట్టుకుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు.

అన్న లేచి నిలబడ్డాడు. కుర్చీ వైపు వెళ్ళలేదు. "నా రాజ్యంల దూడను తల్లి నుంచి ఎవ్వలు ఇడగొట్టొద్దు. ఏ జుర్మానా అయినా దూడ తాగినంకనే. ఇది హుకుం" అన్నాడు.

అమ్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, చేట పక్కకు నెట్టి, మామ చేతిలోంచి పాచిక లాక్కుంది.

"ఇగ చాలు. వంతు నాదే" అంది.

నిజానికి వంతు నాది. ఆ ఒక్కసారి మాత్రం నేను తొండి అనలేదు.