వానొస్తే అరుగుల మీద బడి

టీచరమ్మ పోయారన్న కబురు పోయిన వారం ఓ పొద్దున్నే మా వీధికి వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. వానలు మళ్ళీ మొదలయ్యాయి, మా పాప ఆవిడ బడిలోనే మూడో తరగతి చదువుతోంది. ఇక ఆ బడి పైకప్పు సంగతి ఎవరు చూస్తారు?

మాది పెందుర్తి దాటాక లోపలికి ఉన్న పల్లె. బడికి రెండే గదులు. కప్పులో చువ్వలు బయటపడ్డాయి, వాన తగిలితే పెచ్చులు ఊడతాయి. ఆవిడ ఆఫీసుల చుట్టూ ఎంత తిరిగినా బాగుచేయడానికి నిధులు రాలేదు. రుషికొండ వైపు బళ్ళకు ఎవరెవరో వచ్చి రంగులు వేయించి, కంప్యూటర్లిచ్చి వెళ్తారని పేపర్లో చదివి నవ్వేవారు. "మన బడి ఫొటోకి బాగోదు కదేటి!" అనేవారు.

పోర్టు దగ్గర గోడౌన్లో నా పని పోయినప్పుడు, పాపను గోపాలపట్నంలో ప్రైవేటు స్కూలు మాన్పించాను. ఇంకో పని దొరికితే మళ్ళీ చేర్పిద్దామని ఇంట్లోనే ఉంచాను. పని దొరకలేదు. ఓ సాయంత్రం టీచరమ్మే మా గుమ్మంలోకి వచ్చారు.

"పిల్లని ఇంట్లో కూకోబెట్టి ఏటి సేత్తన్నావు నాయనా? రేపట్నించి నా బడికి పంపించీ."

"ఆ కప్పు కిందకా టీచరమ్మా? నాకు బయమేత్తంది."

కోప్పడతారనుకున్నాను. "నాకూ బయమే. అందుకే రోజూ సూత్తన్నాను" అన్నారు.

నిజంగానే చూసేవారు. పిల్లలు రాకముందే తలకు తువ్వాలు చుట్టుకుని, పొడుగాటి వెదురుకర్రతో కప్పంతా తట్టి, ఊడేవన్నీ రాల్చి, తుడిచి, అప్పుడు గంట కొట్టేవారు. మబ్బు పట్టిందంటే బడి మొత్తం వీధిలోకి వచ్చేసేది. ఒక్కో ఇంటి అరుగు మీద ఒక్కో తరగతి. మూడో తరగతి మా అరుగు మీద. గొడుగు వేసుకుని ఓ అరుగు మీద ఎక్కాలు అప్పజెప్పించుకుని, ఇంకో దాని మీద డిక్టేషన్ చెప్పి, వెళ్తూ వెళ్తూ మా ఆవిడతో "కూర మాడతంది, సూసుకోయే" అనేవారు. ఆ వానల్లో నేను పని లేకుండా గుమ్మంలో కూర్చునేవాణ్ణి. రేపటి దిగులు ఎంతున్నా, పిల్ల కళ్ళెదుట ఉందన్న ధైర్యం ఉండేది. అది ఆవిడ ఇచ్చిందే.

నిన్న మధ్యాహ్నం నల్లగా మబ్బు పట్టింది. అరుగు మీద చాప పరిచి ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. చినుకులు పడగానే బడికి పరిగెత్తాను.

"మాస్టారూ, పిల్లల్ని ఒగ్గీండి బాబూ, వానొచ్చీసింది!"

ఆవిడ స్థానంలో వచ్చిన మాస్టారు చెడ్డవారు కాదు. "ఆర్డరు లేకుండా బయటికి పంపితే, ఏదైనా అయితే నా మీదకొస్తుందండీ. కావాలంటే మీ పాపను తీసుకెళ్ళండి" అన్నారు. ఆయన కూడా కప్పు వైపే చూస్తున్నారు.

లోపలికి వెళ్ళి మా పాప చెయ్యి పట్టుకున్నాను. అది రెండో చేత్తో పక్క పిల్ల చెయ్యి పట్టుకుని, "సేతులట్టుకోండి, టీచరమ్మ సెప్పినట్టు!" అని అరిచింది. ఒకరి వెనక ఒకరు లేచారు. మాస్టారు అడ్డు రాలేదు. వానలోకి నడిచాం. నా వెనక పిల్లల వరస సాగుతూనే ఉంది. గేటు దగ్గర తిరిగి చూశాను. వరస చివర, అందరికంటే చిన్నది, ఒకటో తరగతి పిల్ల, చెయ్యి విడిపించుకుని పలక కోసం వంగింది. ఆ పిల్ల ఇంకా కప్పు కిందే ఉంది.