మాల తీసిన పొద్దు

మొన్న నిజామాబాద్‌లో బోధన్ బస్సు ఎక్కితే సగం సీట్లలో నల్లబట్టల స్వాములే. "స్వామీ, జరంత జరుగున్రి" అంటూ కండక్టర్ మర్యాదగా నాకు చోటు చేయించాడు. పక్కనున్నాయన మెడలో మాల సర్దుకోవడానికి రెండు చేతులూ పైకెత్తాడు. అంతే, నేను సీటు అంచుకు జరిగిపోయాను. పాపం, ఆయన తప్పేమీ లేదు. మాల మీదికి చేతులు పోతే చాలు, నాకు మా చిన్నబాపు గుర్తొస్తాడు.

చిన్నబాపు అంటే మా చిన్నమ్మ భర్త. బోధన్ పక్క పల్లెలో, నిజాంసాగర్ కాలువ కింద చెరుకు వేసేవాడు. నాకు బోధన్‌లో టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో వాళ్లింట్లోనే ఉన్నాను. ఏడాది పొడుగునా ఆయనకు తెలిసినవి రెండే దారులు, ఒకటి చెరుకు తోటకు, ఇంకొకటి కల్లు దుకాణానికి. ఆ రెండో దారిన ఇంటికొచ్చిన రోజు చిన్నమ్మకు దెబ్బలు తప్పేవి కావు. కార్తీకం రాగానే మాత్రం మనిషి మారిపోయేవాడు. మెడలో మాల, నుదుట గంధం, తెల్లవారక ముందే చన్నీళ్ల స్నానం. చెరుకు కొట్టిన మోళ్ల మీద కూడా చెప్పుల్లేకుండానే నడిచేవాడు. పెళ్లాన్ని "మాతా" అని పిలిచేవాడు. చిన్నమ్మ తల్లి, మా అవ్వ, చూడ్డానికి వచ్చినప్పుడల్లా "రుద్రాక్ష పిల్లి" అని మూతి తిప్పేది. చిన్నమ్మ ఒప్పుకునేది కాదు. "మెడల సామి ఉన్నన్ని దినాలు ఆయన చెయ్యి లేవదే అవ్వా" అనేది. నిజంగానే లేచేది కాదు. ఆ రోజుల్లో ఆమె నవ్వేది, కూనిరాగాలు తీసేది, భిక్షకు వండుతూ ఉల్లిగడ్డ లేకుండా పప్పుకు రుచి ఎలా తేవాలో నాకు నేర్పేది.

ఆ యేడు చిన్నమ్మకు ఆశ పుట్టింది. ఏడాదంతా కడుపులో దాచుకున్న మాటను మాల ఉండగానే అడిగేద్దామనుకుంది. ఒక ఆదివారం పొద్దున పూజ అయ్యాక హారతి పళ్లెం కింద పెట్టి మెల్లగా అంది. "స్వామీ, మాల ఇడిసినంక గూడ గిట్లనే ఉండరాదు? కల్లు బందు వెట్టరాదు?"

చిన్నబాపు లేచి, రెండు చేతులతో మాల తీసి కళ్లకద్దుకుని, దేవుడి పటం మేకుకు తగిలించాడు. అది వంకరగా వేలాడుతుంటే సరిచేశాడు కూడా. మళ్లీ స్నానానికి పోతాడేమో అనుకున్నాను. వెనక్కి తిరిగి ఆమె జుట్టు పట్టుకున్నాడు. నేను అడ్డం పడేలోపే చెంప వాచిపోయింది, పెదవి చిట్లింది. తర్వాత నీళ్ల గోలెం దగ్గర నాలుగు చెంబులు పోసుకొచ్చి, శరణు చెప్పుకుంటూ మాల మళ్లీ వేసుకున్నాడు. మనిషి తాగి లేడు, కేకలు వేయలేదు. మాల మేకుకు ఉంది కాబట్టి పాపం తనకు అంటదని ఆయన నమ్మకం.

సాయంత్రం భజనకు గురుస్వామి, మిగతా స్వాములు వచ్చారు. చిన్నమ్మ వాచిన చెంప మీద కొంగు కూడా కప్పుకోకుండా వాళ్ల ముందుకొచ్చి నిలబడింది.

"గురుస్వామీ, మాల నడుమల ఎప్పుడు తీస్తరు?"

"ఇంట్ల సావయితెనే తీస్తరు మాతా. గదెందుకు అడుగుతున్నవ్?"

"పొద్దుగాల ఆయన తీసిండు. మా ఇంట్ల సావయింది. సచ్చింది నేనే."

గురుస్వామి చిన్నబాపు వైపు చూశాడు. చిన్నబాపు గోడ వైపు చూశాడు. భజనకు తెచ్చిన తాళాలు ఎవరివి వాళ్ల చేతుల్లోనే ఉండిపోయాయి. చిన్నమ్మ రెండు చీరలు సంచిలో పెట్టుకుని నాతో పాటు గడప దాటింది.

ఇప్పుడు నిజామాబాద్‌లో నా దగ్గరే ఉంటుంది, బట్టలు కుడుతుంది. రోజూ మాపటికి అదే స్వామికి దీపం పెడుతుంది. ఆ దేవుడి మీద కోపం లేదా అని ఒకసారి అడిగాను. "సామి ఏం జేసిండే బిడ్డా? మాలను నమ్మి నేనే మోసపోయిన" అంది. చిన్నబాపు ఇంకా కార్తీకంలో మాల వేస్తూనే ఉన్నాడట. కాలం అన్నిటినీ మరిపిస్తుందని పెద్దలంటారు. చిన్నమ్మ మరిచిందేమో తెలియదు కానీ, ఆయన మాల సరిచేస్తూ నిలబడ్డ ఆ నిమిషం ఇన్నేళ్లయినా నాకింకా గడవనే లేదు.