కోతపండుగ వేలంలో నా నోట్‌బుక్

పదిమందిలో పరువు ఎలా పోగొట్టుకోవాలో తెలుసుకోవాలనుకునేవారు కాస్త ముందుకు జరిగి కూర్చోండి. అందరి పరువూ ఊరికే పోతుంది. నా పరువును చర్చిలో వేలం వేశారు.

అప్పుడు నేను గోదావరిఖని పక్క పల్లెలో కొత్త కోడలిని. పిట్టలు, పురుగులు, ఇంటి ముచ్చట్లు ఒక నోట్‌బుక్‌లో రహస్యంగా రాసుకునేదాన్ని. చెడపకురా చెడేవు అంటారు. నా విషయంలో అది ‘రాయకురా, చదివేరు’ అయింది.

కోతపండుగ పొద్దున బీరకాయలు కోస్తుంటే పూల మీద తేనెపిట్ట వాలింది. గబగబా రాసుకుని, నోట్‌బుక్ బుట్టలో పడేసి, ఆ బుట్టనే చర్చిలో కానుకగా ఇచ్చేశాను. ఆరాధన అయ్యాక కానుకలన్నీ వేలం వేస్తారు. గనిలో చేసి రిటైరైన సంఘపెద్ద సామ్యేలు కాక, బీరకాయల కింద నుంచి నా నోట్‌బుక్ తీశాడు.

“కాకా, అది నాది! పొరపాటున వచ్చింది!”

“దేవుని బుట్టల పడ్డది మళ్ల నీదెట్లయితది బిడ్డా? పాడి తీస్కో.”

పాట పెంచడానికి ఒక పేజీ తెరిచి, షిఫ్టు సైరన్ లాంటి గొంతుతో చదివాడు: “గోరింకలు తెల్లారకముందే గొడవ మొదలుపెడతాయి. వాటిని నిద్రలేపేది మా అత్త.”

వెనక ఎవరో “ఆమేన్” అన్నారు. అత్త నా పక్కనే ఉంది. తర్వాతి పేజీలో ఏముందో నాకొక్కదానికే తెలుసు. అత్త నడకను బాతుతో పోల్చి, బాతుకు క్షమాపణ చెప్పుకున్నాను.

మా దగ్గర చేతిలో పైసలు లేకపోతే ఇంట్లో ఉన్నదేదైనా ఇస్తామని పాడొచ్చు. “రెండు గుమ్మడికాయలు!” అని అరిచాను.

“బస్తా మక్కజొన్నలు!” అన్నాడు నాకు వరుసకు బావయ్యే ఒకాయన, పళ్లికిలిస్తూ.

ప్రభువా, ఈ ఒక్క పాట గెలిపించు అని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అత్త లేచి నిలబడింది.

“నా గుడ్ల కోడి!”

ఆ కోడిని ఆమె నన్ను చూసుకునేదానికంటే బాగా చూసుకునేది. సామ్యేలు కాక నోట్‌బుక్ తెచ్చి అత్త చేతిలో పెట్టాడు.

అత్తకు చదువు రాదు. ఇంటికి రాగానే నోట్‌బుక్ నా ఒళ్లో పడేసింది. “చదువు.”

“మా అత్త నడక... హంస లెక్క...”

“హంసను నువ్వెప్పుడు చూసినవే? ఈ బుక్కు దేవుని సొమ్ము. ఉన్నదున్నట్టు చదువు.”

చదివాను. బాతును, బాతుకు చెప్పిన క్షమాపణను కూడా. ఎర్ర సముద్రం మా వాకిట్లోకే వచ్చి నన్ను మింగితే బాగుండనిపించింది. అత్త కడుపు పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది.

“కోడి పోతే పోయింది గని, రేపటి సంది నా ముచ్చట్లే రాయి. పిట్టలకేం ఎరుక!”

అలా ఎన్నో నోట్‌బుక్‌లు నిండాయి. కనుక సంఘమంతటి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ కానుకబుట్టలోనూ నోట్‌బుక్ పెట్టను. పెడితే, కోడినిచ్చి విడిపించడానికి అత్త ఇప్పుడు లేదు.