అమ్మ అక్కడే నిలబడి ఉంది

"షీ అంటే ఏంటి?" అని అడిగితే మా ఆరో తరగతి మొత్తం "ఆమె!" అని అరుస్తుంది. నాకు ఒళ్లు మండుతుంది. మా ఆర్మూర్‌లో ఎంతమంది ఇళ్లలో తల్లిని ఆమె అంటారు? అది వండింది, అది చేనుకు పోయింది, దానికేమెరుక! ఇంగ్లీషు షీలో కలెక్టరమ్మా, కలుపు తీసే కూలీ ఇద్దరూ ఒకటే. ఆ భాష మీద నాకు మోజేం లేదు. జీతం కోసం చెబుతున్నాను. కానీ పోయిన ఎండాకాలం నుంచి ఈ పాఠం చెప్పబుద్ధి కావడం లేదు.

మా బాపు పన్నెండేళ్లు దుబాయిలో పనిచేశాడు. అన్నేళ్లూ చేనులో పసుపు పెట్టింది, తవ్వించింది, ఉడికించి ఎండబోసింది మా అమ్మే. మార్కెట్లో సరుకు దింపిన ప్రతిసారీ, కమీషన్ మీద దాన్ని అమ్మిపెట్టే అడ్తిదారు లేచి నిలబడి "రా అక్కా, కూసో, చాయ్ తాగు" అనేవాడు. పోయినేడు బాపు తిరిగొచ్చాడు. అమ్మ పంటనే, అదే అడ్తి దుకాణానికి, ఈసారి ఇద్దరూ కలిసి తెచ్చారు. బడికి సెలవని నేనూ వెంట వెళ్లాను.

"రా పటేలా!" అని అడ్తిదారు బాపుకు కుర్చీ వేశాడు. "మీరు గూడ కూసోండి మేడమ్" అని నాకో స్టూలు జరిపాడు. అమ్మ నిలబడే ఉంది.

చివర ఉడికించిన పన్నెండు బస్తాలు ఇంకా సరిగా ఎండలేదు. అమ్మ అందులోంచి ఒక కొమ్ము తీసి వంచింది. ఎండిన పసుపు టక్కున విరగాలి. అది వంగింది. "గివి కలపకుర్రి. నాలుగెండలు పడాలె" అంది.

అడ్తిదారు అమ్మ వైపు చూడనైనా లేదు. "ఇయ్యాల రేటు మస్తుగుంది పటేలా. ఏమంటవ్?" అని బాపును అడిగాడు.

బాపుకు పసుపు గురించి ఏం తెలుసని? ఏమీ తెలియదు! అయినా మగాడు ఇంట్లో ఉండగా ఆడది సరుకు సంగతి మాట్లాడటం మా దగ్గర పద్ధతి కాదు. "అది గట్లనే అంటది. కలిపెయ్యి" అన్నాడు.

"నేనీడ్నే ఉన్న గదా! అడిగేదేదో నన్నడుగు" అంది అమ్మ.

అడ్తిదారు నవ్వి "దానికి జర కోపమెక్కువనే పటేలా" అన్నాడు. పన్నెండేళ్లు అక్కా అని పిలిచిన నోరే అది! థర్డ్ పర్సన్ అంటే చెప్పేవాళ్లూ వినేవాళ్లూ కాని మూడో మనిషి అని పిల్లలతో వల్లె వేయిస్తాను. ఆ మూడో మనిషి మూడడుగుల దూరంలో నిలబడి ఉంటే ఏమనాలో ఏ పుస్తకంలోనూ లేదు. నేనైనా నోరు తెరిచానా? లేదు. మేడమ్ అన్నాడని స్టూలు మీదే కూర్చున్నాను. సిగ్గులేని దాన్ని.

బస్తాలన్నీ ఒకే కుప్పగా పోశారు. కొనే సేటు వచ్చి, కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక కొమ్ము లాగాడు. వంచితే విరగలేదు. "పచ్చిగుంది" అని విసిరికొట్టాడు. మంచి పసుపు కూడా ఆ పచ్చిదాంతో పాటే అగ్గువకు పోయింది. ఏడాదంతా అమ్మ పడ్డ కష్టం కళ్ల ముందే మట్టిపాలైంది. అప్పుడు లేచి అరిచాను, అడ్తిదారు మీదా, బాపు మీదా. ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

తిరిగి వస్తూ ఆటోలో అమ్మకు అటూ ఇటూ నేనూ బాపూ కూర్చున్నాం. ఊరు దాటాక బాపు మెల్లగా "మల్లేడుకు ఇత్తనం ఎంత తీసిపెట్టినవ్?" అని అమ్మను అడిగాడు.

అమ్మ ఆయన వైపు తిరగలేదు. నాతో అంది.

"మీ బాపుకు జెప్పు బిడ్డా. ఆయన్ను మళ్ల దుబాయి పొమ్మను."