మూడు మెట్ల టార్చి

ఆ రోజుల్లో మా వంశానికి మిగిలినవి రెండే: మా తాతగారి టేబుల్ ఫ్యాను, నా వెన్నెముక. పొలాలన్నీ బోర్లు వేయించి వేయించి, నీళ్ళు పడక, చేజారిపోయాయి. ఫ్యాను తిరగడం మానేసింది. వెన్నెముక మాత్రం వంగడం నేర్చుకోలేదు. మా ఊళ్ళో ఆ పెద్దింట్లో నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి. నందికొట్కూరులో ఒక సినిమా హాల్లో మేనేజరుగా చేరాను. (మేనేజరన్న మాట నేను పెట్టుకున్నది. చీకట్లో వచ్చినవాళ్ళకు టార్చి వేసి సీట్లు చూపించడం పని.) హాలు యజమాని ఒకప్పుడు మా ఇంటికి సరుకులు పంపిన శెట్టిగారు. నాకు ముందు కుర్చీ వేయించి, తరువాత పని చెప్పేవాడు. ఆ కుర్చీ కోసమే చేరానని ఇప్పుడు అనిపిస్తుంది. ప్రొజెక్టరు నడిపే భాయి రోజూ క్యారియరు విప్పి, "రా నాయనా, తిందాం" అని రెండుసార్లు పిలిచేవాడు. మా ఇంట్లో మూడోసారి పిలిస్తే గాని విస్తరి ముందు కూర్చోరు. ఆ సంగతి భాయికి తెలియదు, నేను చెప్పను. అలా చాలాకాలం మెట్ల కింద ఒక్కణ్ణే బన్ను తిన్నాను.

నా భయమల్లా ఒకటే: మా ఊరివాళ్ళెవరూ నన్ను ఈ పనిలో చూడకూడదు. అయినా హాలు వాళ్ళ తుప్పు పట్టిన టార్చి పట్టుకోవడానికి మనసొప్పలేదు. అది పట్టుకుంటే పనివాణ్ణి. మిలిటరీలో ఉన్న మా బావ ఇచ్చిన టార్చి పట్టుకుంటే అధికారిని. జానెడు పొడవు, నల్లటి ఇనుము, ఒకటే వెలుగు. వెలిగిస్తే ఎదుటివాడు కళ్ళు మూసుకోవలసిందే. మొదటిరోజు నొక్కగానే తెర మీద హీరోయిన్ మాయమైపోయింది.

"ఏమప్పా, మేమొచ్చింది సినిమా చూసేకా, నీ లైటు చూసేకా?"

"రేయ్, లోపలికి లారీ వచ్చినాదిరా, జరగండి!"

ఆ పూట నుంచి నా పేరు లారీ. అంతకన్నా ఘోరం, ఆ వెలుగు గోడకు కొట్టి నా ముఖం మీదే పడేది. దాచుకోవలసిన ముఖాన్ని నేనే ఊరందరికీ చూపిస్తున్నాను. శెట్టిగారు కుర్చీ వేయించి, "దాన్ని తగ్గించు నాయనా. లేదంటే మన హాలు టార్చే పట్టుకో" అన్నాడు.

ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చుని తాతగారి ఫ్యాను విప్పాను. దాని మూడు స్పీడుల స్విచ్చి తీసి, కర్నూలు నుంచి తెచ్చిన రెసిస్టర్లు చిన్నదొకటి పెద్దదొకటి దానికి అతికించి, టార్చికి కలిపాను. బొటనవేలు కాలింది. స్విచ్చి లోపల పట్టక బయటే ఉండిపోతే నల్ల టేపు చుట్టాను. పైన ఫ్యాను స్పీడు తిప్పే గుండీ కూడా బిగించేసరికి టార్చికి గవదబిళ్ళలు లేచినట్టయింది. గోడ మీది బల్లి మీద పరీక్షించాను. మసక వెలుగిచ్చే మొదటి మెట్టులో బల్లి కనబడలేదు. రెండో మెట్టులో కనబడింది. మూడో మెట్టులో పారిపోయింది. అంత గొప్ప పని చేసి, చూపించడానికి ఆ బల్లి తప్ప ఎవరూ లేరు. హాలుకు వెళ్ళి భాయి ముందు రెండుసార్లు గుండీ తిప్పాను. అడగనిదే చెప్పడం మా వంశంలో లేదు. ఆయన అడగలేదు.

ఆ సాయంత్రం ఫస్ట్ షో మొదలయ్యాక ఒక ముసలాయన మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చాడు. చెవిపోగు చూసి గుర్తుపట్టాను. మా ఎద్దుల తాత! మా ఇంట్లో ఎద్దులు చూసుకుంటూ, చిన్నప్పుడు నన్ను భుజాన మోసినవాడు. మా కాడెద్దులు పోయాక బనగానపల్లె మామిడితోటల్లో పనికి వెళ్ళిపోయాడు. తల పక్కకు తిప్పుకుని, మొదటి మెట్టు పెట్టి, వాళ్ళ కాళ్ళ దగ్గర వెలుగు పరిచాను. నిమ్మపండంత వెలుగు. ముసలాయన ఆగి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించాడు.

అంత చీకట్లో, అన్నేళ్ళ తరువాత, వంశాన్ని గుర్తుపట్టాడు! దాక్కోవాలన్న సంగతి మరిచిపోయాను. నా వెన్ను ఇంకో అంగుళం లేచింది. "ఉండనీ తాతా, ఉండనీ. కూర్చో" అన్నాను, మా తాతగారి గొంతుతో.

ఇంటర్వెల్‌లో తల దువ్వుకుని సోడా బండి దగ్గర నిలబడ్డాను. ఆయన సోడా కొనుక్కుని నన్ను దాటి వెళ్ళిపోతున్నాడు.

"తాతా, బాగుండావా?"

"ఎవురప్పా నువ్వు?"

"లోపల నాకు దండం పెడితివే!"

"నీకా?" అన్నాడాయన, పక్కన మనవరాలు కిసుక్కున నవ్వుతుంటే. "దీపానికప్పా. మునిమాపు పూట దీపం ఎలిగితే మొక్కమా? శానా సల్లని ఎలుతురు. ఎవురు పెట్టినారో గాని, సల్లగుండల్ల."

"నేనే. టార్చి నాదే." (నా నోటితో మొదటిసారి ఒప్పుకున్న ఉద్యోగం.)

"ఓ, నువ్వేనా! మా పెద్దింట్లో అట్లే ఉంటాండె దీపం. అమ్మ ఎలిగిస్తే ఎద్దులకాడ ఉన్నోళ్ళం గూడా మొక్కుతాంటిమి. పోయిన వారం ఆ దావన వస్తి. ఇల్లంతా చీకటి. ఆడ ఎవురూ లేరనుకుంటా."

"ఉండాడంటలే తాతా, ఒకడు."

"ఉంటే దీపం పెట్టడా?" అని సోడా మనవరాలి చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు. నేనెవరో చెప్పలేదు. ఆయన మళ్ళీ అడిగితే చెప్పేవాణ్ణే.

మరుసటిరోజు హాలుకు బయలుదేరే ముందు, నాలుగు గంటల ఎండలో, మా ఇంటి గూట్లో దీపం పెట్టాను. ఆ ఎండలో అది వెలుగుతున్నదో లేదో నాకే తెలియలేదు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, చేతులు జోడించాను. ఆ సాయంత్రం భాయి రెండోసారి పిలవగానే వెళ్ళి కూర్చున్నాను. ఆయన ఆశ్చర్యపడలేదు, ఊరగాయ ఇటు జరిపాడు.

ఆ టార్చి ఇంకా నా దగ్గరుంది. రెండో మెట్టు, మూడో మెట్టు ఎప్పుడో పోయాయి. ఇప్పటికీ మునిమాపు వేళ దాన్ని గోడ వైపు తిప్పి వెలిగిస్తాను. ఆ కాస్త వెలుగులో, తనకే దండం పెట్టారని సంబరపడ్డ ఆ కుర్రవాడు నిటారుగా నిలబడి కనిపిస్తాడు. వాడికి చేతులు జోడిస్తాను. ఈసారి నిజంగా వాడికే.