మరుగు అడిగితే గోడ కట్టాను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కాలు ఒక చోట నిలవదు. మదనపల్లెలో ఒక చిన్న ఆఫీసులో ఇళ్లకూ అంగళ్లకూ ప్లాన్లు గీస్తాను. కుర్చీలో గంట కూర్చుంటే ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది. సైటు చూసొస్తానని చెప్పి ఏదో ఒక బస్సెక్కేస్తాను. అందుకే పుంగనూరులో ఒక వ్యాపారి తన తల్లి పేరు మీద ఆడవాళ్లకోసం పార్కు కట్టిస్తాడని తెలియగానే, ఆఫీసులో ఇంకెవరూ నోరు తెరవకముందే ఆ పని నాదన్నాను.

ముందు ఆడవాళ్లనే అడగాలని పట్టుబట్టాను. అడక్కుండా గీసేవాళ్లంటే నాకు మంట. ఆ స్థలం పక్క రోడ్డు మీద సాయంత్రం ఐదింటికి పదిమంది దాకా నడుస్తుంటారు, చీరల కింద బూట్లు వేసుకుని. వెనకనుంచి లారీ హారన్ కొట్టినప్పుడల్లా మట్టిలోకి దిగుతారు, అది పోయాక మళ్లీ ఎక్కుతారు. నేను పోయిన రోజు వాళ్ల మధ్యనుంచి ఒక పిల్ల పరుగెత్తుకుంటూ పోయింది. ఎనిమిదో తరగతి. స్కూల్లో పరుగు పందేలన్నీ తనవేనట, వచ్చే ఏడు జిల్లా పోటీలకు పోవాలని ఆశట. వాళ్లమ్మ ఆ వీధిలోనే జాకెట్లు కుడుతుంది. రోజూ ఆ వేళకు మిషను ఆపేసి వచ్చి, రోడ్డు పక్కన నిలబడి కూతురికి కాపలా కాస్తుంది.

"పార్కులో ఏమేం కావాలో చెప్పండి" అని నోటుబుక్కు తెరిచాను. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి ఆ పిల్ల తల్లే గొంతు తగ్గించి, "ఆడబిడ్డలు వచ్చే తావు గదమ్మా, రవ్వంత మరుగుండల్ల" అంది. మిగతావాళ్లు అవునవునన్నారు. నేను 'మరుగు' అని రాసుకుని కింద రెండు గీతలు కొట్టాను.

మరుగంటే నాకు తోచింది ఒకటే, ఎవరి కంటా పడకపోవడం. చుట్టూ ఏడడుగుల గోడ గీశాను. పార్కు బయటికి కనపడకపోతే ఎట్లమ్మా అని ఆ వ్యాపారి నసిగితే, ఆడవాళ్ల కష్టం మీకేం తెలుసని ఆయన మీద ఎగిరాను. పాపం, ఒప్పుకున్నాడు. ఆడవాళ్ల మాట విని గీసిన పార్కని నేను ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను కూడా.

తెరిచిన రెండు నెలలకు పోయి చూస్తే లోపల ఒక్క ఆడమనిషి లేదు. ఊయల కింద మగవాళ్లు పేకాడుతున్నారు. ఆడవాళ్లు మళ్లీ రోడ్డు మీదే, అవే లారీల పక్కన. నాకు ఒళ్లు మండిపోయింది. వీళ్లకెంత చేసినా ఇంతేనని తిట్టుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వెతికితే ఆ పిల్ల రోడ్డు మీద కూడా లేదు. అది మాత్రం నాకు మింగుడు పడలేదు. తిన్నగా వాళ్లమ్మ కుట్టు అంగడికి పోయాను.

ఆమె మిషను ఆపకుండానే చెప్పింది. "బిడ్డ కండ్లు తిరిగి పడిపోయిందమ్మా. ఇంగ పరుగూ వద్దు ఏమీ వద్దనేస్తి."

"ఎండ దెబ్బా?"

"ఎండ గాదు. మద్యాన్నం నుంచి నీళ్లు తాగదు. ఇస్కూల్లోనూ అంతే, ఈడా అంతే. తాగితే యాడికి పోతాది?" మిషను ఆగింది. "మేము మరుగడిగితిమి, నువ్వు గోడ కట్టిస్తివి. ఆ గోడెనక ఎవరుండారో కనపడదు. బిడ్డను ఎట్ల పంపేది, నువ్వే సెప్పు."

తల కొట్టేసినట్టయింది. వాళ్లు అడిగింది పోవడానికో చోటు. నోటుబుక్కు పట్టుకుని రాసుకునే పరాయి మనిషి ముందు దొడ్డి అనే మాట నోటికి రాక, మరుగన్నారు. మా అమ్మ కూడా అట్లాగే అనేది. నా చెవికి ఇటుకా సిమెంటే వినపడ్డాయి.

మర్నాడే వ్యాపారి దగ్గరికి పోయి తప్పు నాదేనన్నాను. ఆయన నాలుగు తిట్టినా బాగుండేది, నవ్వాడు. గోడను నడుమెత్తుకు కొట్టించి పైన గ్రిల్లు పెట్టించాను. గేటు పక్కనే, నలుగురూ తిరిగే చోట, రెండు గదులు కట్టించాను. తలుపులు నడకదారికి ఎదురుగా కాకుండా పక్కకు తిప్పించాను. లోపల నీళ్లు, లైటు, గట్టి గడియ. ఆ నెలంతా కాలుగాలిన పిల్లిలా మదనపల్లెకూ పుంగనూరుకూ తిరిగాను. గదులు లేస్తే సరిపోతుందా? వాళ్లమ్మ ఆ వద్దన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఆలోగా పిల్లకు పరుగు మీద మనసు విరిగిపోతే నేనేం చెయ్యను?

కుప్పంలో ఇంకో ఆటస్థలం చూడమని పిలుపొచ్చిన రోజు, దారిలో పుంగనూరులో దిగాను. తల్లీకూతుళ్లు గేటు దగ్గరే ఉన్నారు. పిల్ల గదిలోకి పోయి గడియ వేసి తీసింది, మళ్లీ వేసి తీసింది. బయటికొచ్చి అమ్మ మొహం చూసింది. "పో" అంది వాళ్లమ్మ. మొదటి చుట్టుకే పిల్లకు ఆయాసం వచ్చింది. మోకాళ్లు పట్టుకుని కాసేపు నిలబడి, మళ్లీ పరుగందుకుంది. నాకు ఏడుపొచ్చింది.

"యాడికి పోతాండావమ్మా?" అని అడిగింది వాళ్లమ్మ.

"కుప్పానికి."

"అది గాదు. మదనపల్లి నుంచి కుప్పందాకా బస్సులో పోతాండావే, మద్దెలో నువ్వు యాడికి పోతావు?"

పన్నెండేళ్లుగా సైట్లు తిరుగుతున్నాను. బస్సెక్కే రోజు నీళ్లు ముట్టను. అది కష్టమన్న సంగతే మరిచిపోయి, నా తెలివనుకున్నాను. ఆ ఏడడుగుల గోడ గీసిన రోజు కూడా తాగలేదు.

"పొద్దున్నుంచి తాగలేదు" అన్నాను. ఆమె సంచిలోంచి సీసా తీసి నా చేతికిచ్చి, నేను గీసిన గదుల వైపు చెయ్యి చూపించింది.