నీలిజుట్టు పిల్ల, మా జేజి కన్ను

ఆ రోజుల్లో జపాను బొమ్మల సీరియల్ చూడటమంటే ఇప్పటిలా పడుకుని వేలితో తోసుకునే పని కాదు. నెట్టు నంద్యాలలో ఉండేది, నేను ఆళ్లగడ్డలో ఉండేదాన్ని, మధ్యలో ఎర్రబస్సు ఉండేది. నేను నంద్యాలలో డిగ్రీ చదువుతున్నానని ఇంట్లో అందరి నమ్మకం. చదివేదాన్ని కూడా (పాసయ్యాను, కావాలంటే సర్టిఫికెట్లు చూపిస్తాను), కానీ మనసంతా బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లోనే. దాన్ని నడిపే ఆయనను హెడ్‌ఫోన్ అన్న అనేవాళ్లం. ఒక్కో ఎపిసోడూ ముక్కలు ముక్కలుగా దిగేది. మొదటి ముక్క దిగేలోపు నేను క్లాసుకు వెళ్లి వచ్చేదాన్ని, ఆఖరి ముక్క సగంలో ఉండగా కరెంటు పోయేది. మళ్లీ మొదలు. ఎలాగో అన్నీ దిగాక అన్న వాటిని ఫోనుకు పట్టేలా కుదించి మెమరీ కార్డులో వేసి ఇచ్చేవాడు. కార్డు చిన్నది, కొత్తది ఎక్కాలంటే పాతది చెరపాల్సిందే. దాన్ని పర్సులో, పర్సును ఒళ్లో పెట్టుకుని పెళ్లినగలు తెస్తున్నదానిలా ఊరు చేరేదాన్ని.

కుదించేసరికి బొమ్మ అగ్గిపెట్టెంత అయ్యేది. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు ఫోను ముక్కుకు ఆనించుకున్న నాకు తప్ప ఎవరికీ కనిపించేవి కావు. అందుకని చదివి తెలుగులో చెప్పే ఉద్యోగం నాకు పడింది. మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చాక, భోజనాలు కాగానే మిషన్ కుట్టే మా అమ్మ, జాకెట్టు కోసం వచ్చి జాకెట్టు మరిచిపోయే పక్కింటి అత్త, మా నాయనను కన్న జేజి, నా చుట్టూ చేరేవాళ్లు. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఊళ్లు తిరిగే నీలిజుట్టు పిల్ల కథ అది. కత్తియుద్ధాలు వచ్చాయంటే నేను లేచి నిలబడి మరీ చెప్పేదాన్ని. (ఆ పిల్ల అనని మాటలు కూడా కొన్ని అన్నదని చెప్పి ఉంటాను. కథ రక్తి కట్టాలి కదా.)

జేజికి రెండు కళ్లకూ పొర కమ్మింది. మనిషి అలికిడి తెలిసేది గానీ ముఖం తెలిసేది కాదు. అందుకే ఫోను చెవికి ఆనించుకునేది. ఆ చెవిలో జపాను, ఈ చెవిలో ఆళ్లగడ్డ. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు రాదని నంద్యాల డాక్టరు ఎప్పుడో హెచ్చరించాడు. నాయన బతిమాలాడు, కోప్పడ్డాడు, అన్నం మానేశాడు (ఒక పూట). జేజి మాత్రం ఒకటే మాట పట్టుకుంది. “చూడాల్సిందంతా చూసేసినా. ఇంగ ఏముందప్పా చూసేదానికి?” అనేది. నాయన పెరట్లోకి పోయేవాడు. ఆమెకు చూడాలనే లేకపోవడం నాకు ఆ పొర కంటే భయంగా ఉండేది.

ఆఖరి ఎపిసోడ్ తెచ్చిన రోజు నా గొంతు మాంచి ఊపు మీద ఉంది. నీలిజుట్టు పిల్ల కొండ దాటింది, వాన దాటింది, ఒక చిన్న రైల్వే స్టేషన్ చేరింది. ప్లాట్‌ఫారం అవతలి చివర తమ్ముడు నిలబడి ఉన్నాడు. అంతే, అక్కడి నుంచి మాటలు లేవు. పాట లేదు, కింద అక్షరాలు లేవు. ఇద్దరూ చూసుకుంటున్నారు, అలా చూసుకుంటూనే ఉన్నారు. జేజి ఫోనును ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చి, పాడయిందేమోనని ఒకసారి విదిలించింది.

“ఏం జరుగుతాంది పాపా?”

“చూసుకుంటాండారు జేజీ.”

“ఎట్ల చూసుకుంటాండారు?”

నోరు తెరిచాను. అన్ని యుద్ధాలు చెప్పినదాన్ని, ఆ చూపు ఎలా ఉందో చెప్పలేకపోయాను. అమ్మ చేతిలోని జాకెట్టు గుడ్డతో కళ్లు తుడుచుకుంటోంది. (అది పక్కింటి అత్తది. అత్త కూడా గమనించే స్థితిలో లేదు.) ఎవరూ మాట్లాడటం లేదని జేజికి అర్థమైంది. ఫోను ఒళ్లో పెట్టుకుంది.

“రేపు నీ బస్సు ఎన్ని గంటలకు?”

ఎందుకని అడిగాను.

“కంటి డాక్టరు కాడికి. నేను చూసేదాక దాన్ని చెరపాకు.”

సాయంత్రం ఈ సంగతి చెబితే నాయన ముందు జేజి నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూశాడు. తర్వాత తనే తెల్లవారకముందే లేచి తయారయ్యాడు. ఒక కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పి, చుక్కలు వేసి, ఫోను చూడొచ్చని డాక్టరు చెప్పేదాకా నేను కార్డు ముట్టుకోలేదు. క్లాసులో స్నేహితురాళ్లు కొత్త సీరియల్లో చాలా దూరం వెళ్లిపోయారు. నేను పళ్లు బిగబట్టుకుని ఆగాను.

ఆ రోజు జేజి నల్లద్దాలు పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఆ స్టేషన్ దృశ్యం పెట్టి ఫోను చేతికిచ్చాను. మేమంతా ఆమె ముఖం చూస్తున్నాం, ఆమె ఆ అగ్గిపెట్టెంత బొమ్మను చూస్తోంది. దృశ్యం అయిపోయింది.

“ఈ పిల్లకు ఇంతింత కండ్లుండాయి కదప్పా,” అంది. “ఇంత కండ్లు పెట్టుకోని తమ్ముణ్ణి కనుక్కోనీకె ఇన్ని దినాలు పట్టెనా?”

నాయన నవ్వడం మొదలుపెట్టి ఆపలేక గోడవైపు తిరిగాడు. ఆ నవ్వుల్లో జేజి తల ఎత్తి నావైపు చూసింది. చూస్తూనే ఉంది.

“ఇట్ల రా. నువ్వెప్పుడు ఇంత పొడుగైతివి పాపా?”

అప్పుడు తెలిసింది, నేను హైస్కూలు దాటినప్పటి నుంచి ఆమె నన్ను చూడనే లేదని. దగ్గరికి పోయి కూర్చున్నాను. నా ముఖమంతా తడిమి, తడిమిందాన్ని మళ్లీ చూసుకుంది.

తన పట్టుదల వల్లే జేజి ఒప్పుకుందని నాయన బంధువులందరికీ చెప్పుకున్నాడు. చెప్పుకోనీ. మర్నాడు నంద్యాల బస్సులో నేను కూర్చున్న తీరు చూస్తే ఆపరేషన్ నేనే చేసి వస్తున్నాననుకోవాలి. కండక్టరు పాసు అడిగితే కూడా తీరిగ్గా తీసి చూపించాను. ఇప్పుడు వయసొచ్చాక, అంత మిడిసిపాటు పనికిరాదమ్మా అని బస్సులోని ఆ పిల్లకు చెప్పాలనిపిస్తుంది. కానీ కిటికీ పక్కన తల ఎగరేసుకుని కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొచ్చి, పోనీలే, ఇంకో రెండు స్టేజీలు అలాగే పోనీ అని వదిలేస్తాను.